ఆదిమూలం లోడు పరీక్ష

పాకాల కంప్యూటర్ మెకానిక్ ఆదిమూలానికి, బరువు మోయించి చూడందే దేన్నీ నమ్మని జబ్బు ఉండేది. కుర్చీ కొనాలంటే అంగట్లో కనబడిన లావుపాటి మనిషిని బతిమాలి కూర్చోబెట్టేవాడు. గొడుగు కొంటే దాని కింద నిలబడి, భార్య చేత బిందెడు నీళ్లు పోయించుకునేవాడు. చెల్లెలికి సంబంధమొస్తే, పెళ్లికొడుకుని మండుటెండలో కిక్కిరిసిన బస్సులో నిలబెట్టి చిత్తూరు దాకా తిప్పుకొచ్చాడు. "ఇసుక్కోలేదు, పిల్లనియ్యచ్చు" అని తీర్పు చెప్పాడు. ఆ బావ ఇప్పటికీ అతనితో బస్సెక్కడు.

రెండువేల ఒకటిలో ఆ ఊళ్లోనే ప్రసన్నకుమారి ఇంటి ముందుగదిలో కంప్యూటర్ నేర్పే సెంటరు పెట్టింది. పిల్లలు గుళ్లోకి వచ్చినట్టు చెప్పులు బయట విడిచి వచ్చే కాలమది, తలుచుకుంటే ఇప్పటికీ ముద్దొస్తుంది. కానీ ఆ కంప్యూటరు, పని మొదలుపెట్టగానే ఆగిపోయి మళ్లీ మొదటికొచ్చేది. అత్త వరలక్ష్మమ్మకు అసలే ఆ డబ్బా గిట్టదు. నెలాఖరుకు కుదురుకోకపోతే గది ఖాళీ చెయ్యమనీ, శెనక్కాయల మూటలన్నా వేసుకుంటామనీ తేల్చేసింది. ప్రసన్నకు అన్నం సయించలేదు.

అమ్మినవాడు వచ్చి, లోపల కరెంటిచ్చే ఎస్ఎంపీఎస్ పెట్టెను విడిగా తీసి మీటరు పెట్టాడు. పన్నెండు ఓల్టులూ వస్తున్నాయని చూపించి వెళ్లిపోయాడు. ప్రసన్న కబురుపెడితే వచ్చిన ఆదిమూలం ఆ మాట విని నవ్వాడు. "పని సెప్పనంతసేపూ అందురూ పన్నెండే సూపిస్తారుమ్మా" అంటూ, ఆ పెట్టెకు తన మీటరు పెట్టి, జేబులోంచి మోటారుసైకిలు హెడ్‌లైటు బల్బు తీసి లోడుగా తగిలించాడు. బల్బు వెలగ్గానే మీటరు ముల్లు పదికి జారింది. లోపల ఉబ్బిపోయిన కెపాసిటర్లు పీకి కొత్తవి సోల్డర్ చేసి, మళ్లీ బల్బు పెట్టాడు. ఈసారి ముల్లు పన్నెండు మీద కదలకుండా నిలబడింది.

పెట్టెను మళ్లీ లోపల బిగిస్తే కంప్యూటరు ఆగకుండా నడిచింది, ప్రసన్న ఊపిరి పీల్చుకుంది. ఆదిమూలం మాత్రం పరీక్ష ఇంకా కాలేదన్నాడు. సాయంత్రం దాకా ఎవరో ఒకరు ఆపకుండా నడపాలట, అదీ కంప్యూటరంటే తెలియని మనిషైతేనే నిజం తేలుతుందట. ఇల్లంతా కలియజూసి వరలక్ష్మమ్మను పిలిచాడు. "నీయట్లా మనిషి ఊర్లో దొరకదక్కా, రా." ఆమె గొణుక్కుంటూనే వచ్చి కూర్చుంది. అతను తెర మీద ఒక్కరే ఆడుకునే పేకాట తెరిచి మౌసు చేతికిచ్చాడు.

మొదట ఆమె మౌసును గాల్లోకెత్తి ఊపింది. మధ్యాహ్నానికి ఎర్రరాణి మీద నల్లజాకీని పేరుస్తోంది. కూరలావిడ కేకేసినా పలకలేదు. పొద్దువాలేసరికి ఆట గెలిచింది. ముక్కలు తెరంతా గంతులేస్తుంటే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పక్కింటి మునిరత్నమ్మను పిలిచి, ఊళ్లో ఈ విద్య నేర్పేది తన కోడలేనని చెప్పుకుంది.

ప్రసన్న అది విని, వాకిట్లో సంచి సర్దుకుంటున్న ఆదిమూలం దగ్గరికి వచ్చింది. "పేకాటకు లోడేముంటాదన్నా? మిషను పొద్దున్నే నిలబడె గదా."

అతను గొంతు తగ్గించాడు. "మిషను నిలబడిందిలేమ్మా. నీ సెంటరు నిలబడాల గదా."

లోపల్నుంచి వరలక్ష్మమ్మ, రేపు కూడా పరీక్ష ఉందా అని అడిగింది. ఆదిమూలం ముఖం గంభీరంగా పెట్టి, ఇట్లాంటి వాటికి వారమన్నా చూడాలన్నాడు.

"వారం యాడ సాలుతాదబ్బా" అంది వరలక్ష్మమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండానే. "ఏడాది సూద్దాం."