ముందు ఎడమ చక్రం చప్పుడు

నెక్కొండ కాలేజీలో పాఠాలు చెప్పడానికి హనుమకొండ నుంచి రోజూ మా పాత కారులోనే పోయేదాన్ని. ఆ ఏడు వానలు వెలిశాక, గుంతలో పడ్డప్పుడల్లా ముందు ఎడమ చక్రం దగ్గర 'టక్కు'మని చప్పుడు మొదలైంది. మలుపు తిరిగితే బండి ఒక పక్కకు ఒరిగి, నిలదొక్కుకోవడానికి తడబడేది.

మెకానిక్ చక్రాల అలైన్‌మెంట్ చేసి పంపాడు. చప్పుడు పోలేదు. మళ్లీ వెళ్తే నా వంక చూడకుండానే అన్నాడు: "స్పీడ్ బ్రేకర్ల కాడ జర మెల్లగ పోవాలె మేడం. సార్‌ను పంపుండ్రి, ఆయనకు చెప్త."

నాకు ఒళ్లు మండింది. "కారు నడిపేది నేను. ఏదైనా నాకే చెప్పాలె, అన్నా."

బానెట్‌కు ఒక్కో పక్కన రెండు చేతులూ ఆనించి, బలమంతా పెట్టి నొక్కి వదిలాను. కుడివైపు ఒకసారి లేచి ఆగింది. ఎడమవైపు ఊగుతూనే ఉంది.

"షాకబ్జర్ మంచిగుంటే ఇట్ల ఊగుతదా? ఎక్కు, నేను నడుపుత, నువ్వు విను."

హసన్‌పర్తి రోడ్డులో గుంతలు వెతుక్కుంటూ నడిపాను. అతను కిటికీలోంచి తల బయటపెట్టి విన్నాడు. "కింద బుష్ పోయినట్టుంది," అన్నాడు చివరికి. షెడ్డులో బండిని పైకి లేపితే, చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్‌లో రబ్బరు బుష్ పీలికలై ఉంది. షాకబ్జర్ నిండా కారిన నూనె జిడ్డు.

"ఈ పక్కది మారుస్త."

"రెండు దిక్కులా మార్చు. గ్యాస్ నింపిన షాకబ్జర్లు వెయ్యి, గట్టిగ పట్టుకుంటయ్."

"లేడీస్ నడిపే బండికి అవెందుకు మేడం?"

"మలుపుల కాడ బండి నా మాట వినాలె. అందుకు."

ఈలోపు మా ఆయన ఫోన్ చేశాడు. "అమ్మేద్దాం. నీకు నడపనీకి అల్కగ ఉండే చిన్న ఆటోమేటిక్ కొందాం."

"తప్పు బండిల ఉన్నది, నా చేతుల లేదు. బాగు చేయించుకుంట," అని పెట్టేశాను.

కొత్తవన్నీ వేయించిన మర్నాడు నెక్కొండ దారిలో స్టీరింగ్ ఎంత తిప్పితే బండి అంతే తిరిగింది. బ్రేకు వేస్తే ముందుకు కుంగలేదు. చిన్న గతుకులు మాత్రం ఇదివరకటికన్నా ఎక్కువ తెలుస్తున్నాయి. ఆదివారం పక్కన కూర్చున్న మా ఆయన అదే పట్టుకున్నాడు.

"జర గట్టిగైంది కదా?"

"గట్టిగనే ఉంటది. నాకు ఇట్లనే కావాలె," అన్నాను, చూపు రోడ్డు మీదనుంచి తిప్పకుండా.

ఆయన బెల్టు సర్దుకున్నాడు.