అట్ట మీద పేరు లేని మా తోడల్లుడు

మా తోడల్లుడు పోయాడని ప్రెస్సు ఫోర్‌మన్ సైకిలు మీద వచ్చి చెప్పేసరికి నేను వీధి వరండాలో కూర్చుని పంచదార లేని కాఫీ తాగుతున్నాను. ప్రూఫులు చూస్తూ చూస్తూ కుర్చీలోనే ఒరిగిపోయాడట. నాకంటే బాగా చిన్నవాడు. అత్తవారింట్లో నేను కూర్చోకుండా విస్తరి ముందు ఏనాడూ కూర్చోలేదు. ఈ ఒక్కసారికి నన్ను ఆగమని తను ముందు లేచాడు.

బతికుండగా అతన్ని నేను 'గారు' అనలేదు. ఇప్పుడు అంటే ఎక్కడున్నా నవ్వుతాడు. అందుకని అలవాటైన ఏకవచనంలోనే రాస్తాను.

తోడల్లుళ్ళంటే ఏమిటో పాఠకులకు చెప్పక్కర్లేదు. ఒకే ఇంటి అక్కచెల్లెళ్ళను చేసుకున్న పాపానికి జన్మంతా పక్కపక్కన కూర్చుని ఒకరి విస్తరిలోకి ఒకరు చూసుకోవలసిన వాళ్ళు. నేను బెజవాడలో ఒక కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరర్‌గా చేశాను. ఇంటినిండా పుస్తకాలు. అతను లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, నాలుగు కాలేజీల్లో యాజమాన్యాలతో పడక బయటికొచ్చి, గవర్నరుపేటలో ఒక పబ్లిషర్ దగ్గర చేరి గైడ్లు రాసేవాడు. ఉయ్యూరు దగ్గర మా మామగారి పంచలో పదిమంది కూడినప్పుడల్లా ఆయన ఒకటే మాట అనేవాడు: "మా పెద్దల్లుడు పుస్తకాలు చదువుతాడండి. చిన్నల్లుడు పుస్తకాలు చదవక్కర్లేకుండా పుస్తకాలు రాస్తాడు." పేపర్లో వడ్ల ధర తప్ప ఏమీ చదవని మనిషి ఆయన. ఆ మాటకు అందరికంటే గట్టిగా నవ్వింది మా తోడల్లుడే. పొడుం పీల్చి, ముక్కు తుడుచుకుని, "నిజమే మామయ్యగారూ, గారె ఇంకోటి వెయ్యమనండి" అనేవాడు.

కిందటి దశాబ్దం మొదట్లో కొత్త సిలబస్ వచ్చింది. ఎకనామిక్స్‌లో లెక్కల పేపరు పెట్టారు. అందులో సగం కలనగణితం, అంటే కాల్క్యులస్. అప్పటికి నాకు యాభై దగ్గర పడుతోంది. నేను చదువుకున్న రోజుల్లో ఎకనామిక్స్ అంటే మంచి వచనం. లెక్కల్లో లిమిట్‌ను అవధి అంటారట; అవధి అంటే నాకు గడువు అనే తెలుసు. సీనియర్ని కదా అని ఆ పేపరు నాకే ఇచ్చారు.

మా లెక్కల హెడ్డును అడిగాను. ఆయన ఖద్దరు లాల్చీ మడత నలగకుండా కూర్చుని, "సూత్రాలు కంఠస్థం చేసెయ్యండి మాస్టారూ, మనవాళ్ళు ఏమడుగుతారు" అన్నాడు. మర్నాటికి స్టాఫ్ రూమంతా తెలిసింది. ఒకడు, "మాస్టారు ఈ వయసులో అక్షరాభ్యాసం చేసుకుంటున్నారు, పలకా బలపం ఎవరు తెస్తారు?" అన్నాడు. ఇవాళ అతనికి ట్యూటోరియల్ కాలేజీ ఉంది. గుమ్మానికి తన ఫొటోయే కట్టుకున్నాడు.

గైడు కొనాలి. ఏలూరు రోడ్డు మీద కొంటే ఎవడో ఒక శిష్యుడు చూస్తాడు. బస్సెక్కి గుడివాడ వెళ్ళి బస్టాండులో కొన్నాను. కొట్టతను కాగితం చుడుతూ, "అబ్బాయి ఏం చదువుతున్నాడండీ?" అని అడిగాడు. నాకున్నది ఇద్దరూ ఆడపిల్లలే. "డిగ్రీ" అన్నాను. ఇంటికొచ్చి దాని గులాబీ రంగు అట్టకు పాత పేపరు తొడిగాను. అట్ట మీద రచయితగా ఒక రిటైర్డ్ ప్రిన్సిపాల్ పేరుంది, డిగ్రీలన్నీ వరసగా. మొదటి పేజీలో ఇలా ఉంది: "ఇది కష్టం కాదు. కష్టమని మీతో చెప్పినవారికి ఎవరూ నెమ్మదిగా చెప్పి ఉండరు."

మూడో ప్రకరణం దాకా బాగానే చదివాను. అక్కడ రాశాడు: "అర్థం కాలేదా? మళ్ళీ మొదటినుంచి చదవండి. మనకేం బస్సు లేదు." అది మా తోడల్లుడి ఊతపదం. పేకాటలో ముక్క వెయ్యడానికి అరగంట ఆలోచిస్తూ, ఎదటివాడు విసుక్కుంటే అనేమాట. పేజీ తిప్పితే అనుమానం కూడా తీరిపోయింది: "ఒక పెద్దల్లుడు అత్తవారింట్లో గారెలు తింటున్నాడనుకోండి. చాలు చాలు అంటూనే తింటాడు. ఎన్ని తిన్నాడన్నది మనకు అక్కర్లేదు. ఈ చివరి గారెతో ఆనందం ఎంత పెరిగిందన్నదే ప్రశ్న."

పుస్తకం విసిరికొట్టాను. తర్వాత లేచి తెచ్చుకున్నాను. వేరే దారి లేదు. అర్థం చేసుకుంటే అతని దగ్గర నేర్చుకున్నట్టవుతుంది, కంఠస్థం చేస్తే ఎవరి దగ్గరా నేర్చుకున్నట్టు కాదు అనుకున్నాను. చిన్నప్పుడు సంస్కృత శబ్దాలు వల్లె వేసినట్టు గైడు మొత్తం వల్లె వేశాను. బోర్డు మీద చూడకుండా రాసేవాణ్ణి. పిల్లలు రాసుకునేవారు.

ఒకరోజు మధ్య బెంచీలోంచి ఒకడు లేచాడు. "సార్, హెచ్‌తో భాగించారు కదండీ. తర్వాత హెచ్ సున్నా అన్నారు. సున్నాతో భాగించకూడదు కదండీ?"

తెలివైనవాడు. ఆ ప్రశ్న అడిగే హక్కు ఉన్నవాడు. గైడులో దానికి జవాబుంది. అది నాకు కంఠతా వచ్చు కూడా. కాని ఏ వాక్యం దగ్గర మొదలుపెట్టాలో తెలియలేదు. వెనక బెంచీలోంచి, "కూర్చోరా, సారుకి ఆ పేజీ చిరిగిపోయింది" అని వినిపించింది. తరగతి నవ్వలేదు. అందరూ తలలు వంచుకున్నారు. నవ్వి ఉంటే బాగుండేది.

మా కాలేజీ ప్రిన్సిపాల్ పిలిచి మర్యాదగానే చెప్పాడు. "దసరా సెలవుల తర్వాత వారం రోజులు చూద్దామండి. కుదరకపోతే ఆ పేపరు కొత్తగా చేరిన కుర్రవాడికిచ్చేద్దాం. మీరు లైబ్రరీ చూసుకుందురుగాని." లైబ్రరీ అంటే బీరువాల తాళాలు. నా పాఠం పోయాక అవే పుస్తకాల మధ్య తాళాలగుత్తి పట్టుకుని కూర్చోవడం.

ఆ సాయంత్రమే బందరు కాలువ దగ్గర మా తోడల్లుడి ఇంటికి వెళ్ళాను. మరదలు లోపలుంది. వాకిట్లోనే, "ఏమయ్యా, ఆ గారెల పెద్దల్లుడు ఎవడు?" అన్నాను.

అతని మొహం తెల్లబోయింది. తర్వాత నా చంకలో పేపరు అట్ట చూశాడు. కండువా వేసుకుని, "పదండి అన్నయ్యగారూ, గట్టు మీద నడుద్దాం" అన్నాడు.

"మీ వదిన అడిగితే ఏం చెప్పను రోజూ ఎక్కడికని?"

"షుగరు పట్టిందనండి. డాక్టరు నడవమన్నాడనండి."

అలాగే చెప్పాను. ఆ రాత్రి నుంచే మా ఆవిడ నా కాఫీలో పంచదార మానేసింది.

సెలవులన్నాళ్ళూ గట్టు మీద నడిచాం. అతను నడుస్తూ మాట్లాడేవాడు, పొడుం కోసం ఆగేవాడు. ఒకసారి కాలవలో నిలవనీరులా కనిపిస్తున్న చోట గుర్రపుడెక్క రెబ్బ ఒకటి తెంపి వేశాడు. మేం మాట్లాడుకుంటుండగానే అది రేవు దాటిపోయింది. "మన డెల్టాలో వాలు మనిషి కంటికి ఆనదండి. నీళ్ళకు ఆనుతుంది. ఇదిగో, ఇక్కడ, ఈ అడుగు దగ్గర వాలెంత? అవకలనమంటే, మీ డిఫరెన్షియేషనంటే, అంతే. మీరు ఇరవై ఏళ్ళుగా ఉపాంతం, మార్జినల్ అని చెబుతున్నది ఇదే. కొత్తగా నేర్చుకునేదేం లేదు, పేరు మారింది."

నన్ను నిలబెట్టడానికి అన్నాడని తెలుసు. నిజమని కూడా తెలుసు. ఇరవై ఏళ్ళు నేను చెప్పిందేమిటో నాకు తెలియదన్నమాట.

సున్నా సంగతి అడిగాను. అతను పొడుం పీల్చి మొదలుపెట్టాడు. "మామయ్యగారింట్లో మనిద్దరం పక్కపక్కనే కూర్చుంటాం కదండీ. పెళ్ళైన కొత్తలో మధ్య ఎంత చోటుండేది?"

"ఇంకో మనిషి పట్టేంత."

"తర్వాత మనవళ్ళూ మనవరాళ్ళూ వచ్చారు, పంక్తి ఇరుకైంది. ఏడాదికేడాది దగ్గరికి జరిగాం. ఎప్పుడైనా భుజం తగిలిందా?"

ఆలోచించాను. "లేదు."

"తగలదు. మీరు తగలనివ్వరు. హెచ్ కూడా అంతేనండి. దగ్గరవుతుంది, అవుతూనే ఉంటుంది. సున్నా అవదు. అవలేదు కాబట్టే భాగించాం. ఎక్కడికి పోతోందో తెలుసు కాబట్టే జవాబు చెప్పగలిగాం." అని నా వంక చూసి, "మళ్ళీ చెప్పమంటారా? మనకేం బస్సు లేదు" అన్నాడు.

మళ్ళీ చెప్పనక్కర్లేదన్నాను. మొహం అటు తిప్పుకున్నాను.

సెలవులయ్యాక ఆ పిల్లవాణ్ణి నేనే లేపి, ప్రశ్న మళ్ళీ అడగమన్నాను. బెంచీ మీద ఇద్దరు పక్కపక్కన కూర్చున్నట్టు మార్చి చెప్పాను. వాడు తల ఊపాడు. వరండాలో నిలబడి వింటున్న లెక్కల హెడ్డు నెమ్మదిగా వెళ్ళిపోయాడు. రిటైరయ్యేదాకా ఆ పేపరు నాదే.

తర్వాత ప్రతి శుభకార్యంలోనూ నేను ఎదురుచూశాను. గట్టు మీది పాఠాల సంగతి ఈసారి చెప్పేస్తాడు, ఈసారి చెప్పేస్తాడు అని. మామగారు మామూలుగా గైడ్ల మీద పరాచికాలాడేవారు. ఒకసారి తట్టుకోలేక, "మామయ్యగారూ, ఆ గైడ్ల సంగతి" అని నేనే మొదలుపెట్టాను. మా తోడల్లుడు మాట సాగనివ్వలేదు. "అన్నయ్యగారికి షుగరండి, భోజనం దగ్గర ఎక్కువ మాట్లాడించకండి" అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆవిడ నా విస్తరిలోంచి బొబ్బట్టు తీసేసింది. అవమానించినవాళ్ళను నేను సులువుగానే మర్చిపోగలను. ఇదిగో, వాళ్ళ పేర్లు కూడా రాయలేదు. నన్ను కాపాడి, ఆ సంగతి నాకు కూడా గుర్తు చెయ్యని మనిషి పక్కన కూర్చుని ముద్ద మింగడమే ఎప్పటికీ చేతకాలేదు.

సంతాపసభ పబ్లిషర్ మేడ మీద జరిగింది. అట్ట మీది ప్రిన్సిపాల్‌గారే అధ్యక్షులు. "నా గ్రంథరచనలో సహకరించిన మిత్రుడు" అన్నారు. లెక్కల హెడ్డు గైడ్ల వల్ల ప్రమాణాలు పడిపోతున్నాయని ప్రారంభించి, పోయినవాణ్ణి మినహాయించాడు. ట్యూటోరియల్ కాలేజీ ఆయన కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ గదిలో ఆ గైడు చదవనివాళ్ళు లేరు. చదివానన్నవాడు ఒక్కడూ లేడు. సభ అయ్యాక మెట్ల దగ్గర ప్రిన్సిపాల్‌గారిని ఆపి, "మీ గ్రంథంలో గారెలు తినే పెద్దల్లుణ్ణి నేనేనండి" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. తన పుస్తకం ఆయనా చదవలేదు.

పెద్దకర్మ రోజు పొద్దున మరదలు అందరికీ కాఫీలిచ్చింది. ఒక గుక్క తాగి ఆగాను. తియ్యగా ఉంది. మా ఆవిడ చూసి, "ఆయనకు పంచదార వెయ్యకూడదే, తెలుసుగా" అంది. మరదలు నా వంక చూడకుండానే, "తాగనివ్వక్కా. ఏమీ కాదు" అంది.

ఆవిడకు ఎంత తెలుసో నేను అడగలేదు. ఇది అచ్చయ్యాక మా ఆవిడకూ తెలుస్తుంది.

మధ్యాహ్నం భోజనాల పంక్తిలో కూర్చున్నాను. ఎడమపక్క జానెడు చోటు వదిలి కూర్చున్నానని గారెలు వచ్చేదాకా నాకే తెలియదు. అవతల ఎవరూ లేరు. వడ్డించేవాడు పళ్ళెం వంచి, "చాలాండీ?" అన్నాడు. నేను చాలు అనలేదు. వాడు ఇంకోటి వేసి, ఇంకోటి వేసి, నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.