బాబాయి కడుపులో మంట, పిన్ని పెరుగు

జనక్‌పురి బాబాయి పోయారని పిన్ని ఫోను చేసినప్పుడు నేను దేవుడి దగ్గర దీపం పెడుతున్నాను. నిద్రలోనే పోయారట. "రాత్రి కడుపు నిండా తిని పడుకున్నారే" అంది పిన్ని. ఏడుస్తూనే అన్నా, ఆ మాటలో ఎక్కడో తృప్తి ఉంది. అదెందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

బాబాయి కేంద్ర ప్రభుత్వంలో పనిచేసి రిటైరయ్యారు. నాకు తెలిసినంత కాలం ఆయనకు కడుపులో మంట. పండగపూట మేమంతా గోంగూర కలుపుకుంటుంటే, ఆయన ఓ పక్కన చల్లటి పాలలో బ్రెడ్డు ముంచుకునేవారు. "ఇది మా ఆఫీసరు పెట్టిన మంట" అనేవారు. ఫైళ్లలో ఆయన రాసిన నోట్లన్నీ ఆ పై అధికారి ఎర్ర సిరాతో కొట్టేసేవాడట. అతనూ జనక్‌పురిలోనే స్థిరపడ్డాడు. పాల బూత్ దగ్గర ఎదురైతే బాబాయి ఖాళీ గిన్నెతో ఇంటికి వచ్చేసేవారు.

రెండేళ్ల కిందట ఒక కుర్ర డాక్టరు గొట్టం వేసి చూసి, కడుపులో పుండు పడిందనీ, దానికి కారణం అక్కడ చేరిన సూక్ష్మజీవి అనీ తేల్చాడు.

"అయితే మా ఆఫీసరు కాదా?" అన్నారు బాబాయి, కాస్త నిరాశగా.

"నహీ అంకుల్. అసలు దొంగ ఇదే."

యాంటీబయాటిక్ మాత్రలు రాశాడు. నేను దేవుడికి మొక్కుకుంటానన్నాను. "మొక్కుకో పెద్దమ్మాయ్. మాత్రలు నేను మింగుతాను. ఎవరి డ్యూటీ వాళ్లం చేద్దాం" అన్నారు.

మంట తగ్గింది. కానీ నోరంతా ఇనుము నాకినట్టు చేదు, విరేచనాలు. మందు పేగుల్లో అరుగుదలకి సాయపడే మంచి క్రిముల్నీ తరిమేస్తుందనీ, అవి మెల్లగా తిరిగొస్తాయనీ, మాత్రలు మధ్యలో ఆపకుండా పెరుగు తినమనీ చెప్పాడు డాక్టరు. పిన్ని తోడేసిన గడ్డపెరుగే ఆయనకి అన్నమూ ఫలహారమూ అయింది.

కాస్త తేరుకోగానే బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆఫీసరు ఇంటికి వెళ్లారు.

"మాఫ్ కీజియే సార్. ఇన్నేళ్లూ మిమ్మల్ని తిట్టుకున్నాను. తప్పు మీది కాదు, క్రిమిది."

ఆ పెద్దాయన తెల్లబోయి చూశాడు. తర్వాత నెమ్మదిగా తన పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు.

"అచ్ఛా? నా మంటకి నీ నోట్లే కారణమనుకున్నానే."

ఆయన్నీ అదే డాక్టరు దగ్గరికి బాబాయే తీసుకెళ్లారు. అదే రోగం, అవే మాత్రలు, అదే అవస్థ. ఆఫీసరుది భార్య లేని ఇల్లు, పెరుగు సరిగా తోడుకునేది కాదు. సాయంత్రాలు స్టీలు గిన్నెతో వచ్చి పిన్ని దగ్గర చెంచాడు తోడు పట్టుకెళ్లేవాడు. బాబాయి గేటు దగ్గర కాపు కాసేవారు.

"పెరుగు ఫైలు పుటప్ చేశాం సార్. అప్రూవ్ చేస్తారా?"

"ఎర్ర సిరా ఇంట్లో మర్చిపోయాను. బచ్ గయే, బతికిపోయావు."

క్రమంగా బాబాయికి ఆకలి పుట్టింది. గోంగూర తిన్నారు, ఒళ్లు చేశారు, ప్యాంట్లన్నీ దర్జీ దగ్గరికి చేరాయి. ఆ క్రిమి పోయాక కొందరు ఇలాగే బరువు పెరుగుతారనీ, షుగరు రాకుండా నడవమనీ చెప్పాడు డాక్టరు. స్నేహితులిద్దరూ బుద్ధిగా బయల్దేరేవారు. నడక పకోడీల బండి దాకా సాగేది.

పెద్దకర్మ అయిన సాయంత్రం ఆఫీసరు అదే గిన్నెతో వచ్చాడు. గేటు దగ్గర అలవాటుగా ఆగాడు. పిన్ని చూసి, "తోడుకొచ్చారు కాబోలు. ఇన్నాళ్లూ ఇంట్లో పెరుగే తోడెయ్యలేదు, ఏం ఇవ్వను?" అంది నాతో.

ఆయన మూత తీసి చూపించాడు. "నాకు కాదు బెహన్‌జీ. ఇది మీ తోడే. రోజూ తోడేస్తూ వచ్చాను."

పిన్ని లేచి పాలు కాచింది. గోరువెచ్చగా అయ్యాక ఆయన గిన్నెలోంచి ఒక చెంచా తీసి అందులో కలిపి, మూత పెట్టి, దాని మీద చెయ్యి ఆనించి కాసేపలాగే నిలబడింది.