గుట్ట ఎక్కించి చదువు చెప్పిన సారు

మా రాత్రిబడి సారు గత నెలలో కాలం చేశారు. ఆదోని బస్టాండు ఎదుట కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీని పాఠకుల్లో చాలామంది చూసే ఉంటారు. దానిలో సారు ముఖం అరచేతంత ఉంది. కట్టించిన క్వారీ యజమాని మాత్రం నిలువెత్తున నిలబడి నమస్కరిస్తున్నాడు. అతడూ నేనూ ఒకే బెంచీ మీద చదివినవాళ్ళం. ఆ ఫ్లెక్సీ చెప్పని సంగతులు చెప్పడం నా బాధ్యతగా భావించి ఇది రాస్తున్నాను.

పగలు జిన్నింగు మిల్లులో పత్తి బేళ్ళు మోసి, సాయంత్రం బడికి పోయి పట్టా పుచ్చుకున్నవాణ్ని నేను. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. చెప్పకపోతే సారు చేసిన మేలు దాచినట్టవుతుంది.

ఆయన చెప్పింది భూగోళం, చరిత్ర. గోడకు వేలాడే పటం మీద ఆయనకు నమ్మకం తక్కువ. ఆదివారం పొద్దున్నే మమ్మల్ని ఎమ్మిగనూరు దారిలోని తమ సొంతూరికి బస్సులో తీసుకుపోయి, ఊరి వెనుక గుట్ట ఎక్కించేవారు. సగం దారిలో ఒక చదును బండ. అక్కడ పొట్లాలు విప్పి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినిపించాకే పాఠం. తాను తినే ముందు అందరి కాగితాల్లోకీ ఒకసారి తొంగిచూసేవారు. ఎవరికి బజ్జీ తక్కువైతే ఆయనది అటు జరిగేది.

పైకెక్కాక జిల్లానంతా విప్పి చూపేవారు. ఒకవైపు ఆదోని కోటకొండలు, ఒకవైపు మగ్గాల ఎమ్మిగనూరు, దానికవతల గోనెగండ్ల చేలు, ఉత్తరాన తుంగభద్ర. కోటను ఏలినవాళ్ళ పేర్లు త్వరగా ముగించేవారు. వాన తప్పిన ఏడు ఏ ఊరివాళ్ళు గుంటూరు మిరప చేలకు వలసపోతారో మాత్రం ఒక్కో ఊరినీ వేలితో చూపి చెప్పేవారు. "కొండను కిందనుంచి చూస్తే భయమైతాది. పైనుంచి చూస్తే బుద్ధి వస్తాది. మన ఊరు ఎంతుందో ఈడికొస్తేనే తెలిసేదప్పా" అనేవారు.

జిల్లాను విడదీసి నల్లమలను నంద్యాల వైపు కలిపినప్పుడు ఆయన నవ్వుతూనే అన్నారు: "పెద్ద కొండలు పాయ. మనకు మిగిలినవి ఈ గుట్టలే. వీటినీ పోగొట్టుకుంటే పిల్లోళ్ళకు ఏం చూపిస్తారప్పా?"

ఆ తర్వాత ఆ గుట్టకే క్వారీ అనుమతి వచ్చింది. గుట్ట పాదాన ఉన్న ఖబరస్తాన్‌లో సారు తల్లిదండ్రుల సమాధులున్నాయి. తననూ అక్కడే పెట్టాలన్నది ఆయన కోరిక. గ్రామసభలో వద్దని లేచినవాళ్ళం ఆయనా, నేనూ మాత్రమే.

"సార్, ఎక్కి చూసే కాలం అయిపాయ. ఇంగ దించి అమ్ముకునే కాలం" అన్నాడు ఆ అనుమతి తెచ్చుకున్న నా సహాధ్యాయి.

"అమ్ముకో అప్పా. పత్తి కాదది, మళ్ళా ఏడు మొలిసేకి" అన్నారు సారు.

సభ నవ్వింది, సారు మాటకు కాదు, సారును చూసి. నవ్వినవాళ్ళలో ఆయన చేతి బజ్జీ తిన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను నేను క్షమించలేదు.

ఖబరస్తాన్‌కు పోయే బాట మీద క్వారీవాళ్ళు గేటు పెట్టారు. గత నెల సారు పార్థివదేహమున్న జనాజా మోసుకొని మేము చేరేసరికి దానికి తాళం ఉంది.

"మందు పెట్టేసినారన్నా, ఎర్రజెండా కట్టినారు. పేలకముందే పంపితే నా తల పోతాది" అన్నాడు కాపలావాడు.

నేను యజమానికి ఫోను చేశాను.

"సారంటే నాకు దేవుడన్నా. పెట్టిన మందు తీసేకి రాదు కదా. రోంతసేపు నీడకు దించుకోండి" అన్నాడు.

"నీడ యాడ మిగిల్చినావురా ఈడ?" అన్నాను. ఫోను పెట్టేశాడు.

సారు తమ్ముడు దించనివ్వలేదు. "ఖబర్ కాడికి పోయేదాకా మా అన్న భుజాల మీదనే ఉంటాడు" అన్నాడు. ఎండలో హిందువులమూ, ముస్లిములమూ భుజాలు మార్చుకుంటూ నిలబడ్డాం. ఊరిలో ఎవరో అరుగు మీదనుంచి మమ్మల్ని చూసి లోపలికి పోయారు.

పేలుడుకు కాళ్ళ కింద నేల అదిరింది. జనాజా మా భుజాల మీద ఒక్కసారి ఎగిరిపడింది. గుట్ట మీదనుంచి దుమ్ము తెల్లటి దుప్పటిలా దిగివచ్చి మమ్మల్నీ, ఆయనపై కప్పిన చాదరునూ కప్పేసింది. తమ్ముడు చేత్తో దులపబోయి ఆగిపోయాడు. గేటు తెరిచారు.

సమాధి కోసం తవ్వి కుప్పపోసిన ఎర్రమన్ను మేము పోయేసరికి కనబడలేదు. దాని మీద రాతిపొడి పరుచుకొని ఉంది. సారును గోతిలోకి దించాక, వారి ఆచారం ప్రకారం అందరమూ వంగి మూడేసి పిడికిళ్ళ మన్ను వేశాం. ఎవరి వేళ్ళ సందునుంచి చూసినా ముందు తెల్లటి పొడే జారింది. ఎర్రమన్ను ఆ తర్వాత పడింది.