పేర్లు తీసేశాను, ఇళ్లు ఉంచేశాను

నేను చేసిన పనికి మరో మనిషి మాట పడింది. ఏళ్లు గడిచాయి, ఆ బరువు దిగలేదు. దిగలేదనడం కూడా కొంత నటనే. మధ్యలో నెలల తరబడి హాయిగా మరిచిపోయాను. తిన్నాను, నిద్రపోయాను, జీతం పెంచమని దరఖాస్తు కూడా పెట్టుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ల ముఖం చూసి చెప్పే ధైర్యం నాకు లేదు. నా గురించి ముందుగా మీరు తెలుసుకోవాల్సింది అదే.

జూలూరుపాడు దాటాక అడవి అంచున ఒక గూడెం ఉంది. అక్కడి ఆడవాళ్లు మిర్చి ఏరే కూలీలు. తోటలు పక్క ఊరి ఆసాములవి, తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలవి. తోటలకు కొట్టే పురుగుమందు ఆ ఆడవాళ్ల రక్తంలోకి ఎంత చేరుతోందో చూడడం మా పరిశోధన. రక్తం ఇవ్వడానికి వాళ్లకు భయం. సూది అంటే కాదు, ఆసామికి తెలిస్తే కూలికి పిలవడని. నన్ను చూసి ఒక్కరూ చెయ్యి చాపలేదు. చాపింది నాగమణిని చూసి. ఆమె ఆ గూడెం ఆశా కార్యకర్త, అక్కడి కాన్పులన్నిటికీ దవాఖానా దాకా తోడు వెళ్లిన మనిషి. పేర్లు బయటికి రావని నేను ఆమెకు చెప్పాను. ఆమె ఇంటింటికీ తిరిగి, నాది జిమ్మ అని చెప్పింది. నా మాట నమ్మి తన పరువును పూచీ పెట్టింది, పిచ్చిది.

మా వ్యాసం వేసుకుంటామన్న పరిశోధన పత్రికవాళ్లు, డేటా మొత్తం ఎవరైనా చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టమన్నారు. మంచి నియమమే. దాచుకున్న లెక్కలను ఎవరు నమ్ముతారు? పెట్టే పని నాది. పేర్లు తీసేశాను, పేరుకు బదులు అంకె ఇచ్చాను. కానీ ఒక్కో గుమ్మం ముందు నిలబడి ఫోన్‌లో పట్టుకున్న లొకేషన్‌ను అలాగే ఉంచేశాను. మండలం పేరు ఉంచి మిగతాది తీసేయాలని నాకు తెలియదా? తెలుసు. ట్రైనింగులో ముందు వరసలో కూర్చుని నేర్చుకున్నాను. ఖమ్మంలో నేనుండే ఖానాపురం హవేలిలో మ్యాపు మీద ఒక చుక్క పెడితే, ఆ బిల్డింగులో ఏ వాటాయో ఎవరూ చెప్పలేరు. గూడెంలో ఇంటికీ ఇంటికీ మధ్య చేనంత ఎడం. అక్కడ చుక్క పెడితే ఇల్లు తెలుస్తుంది, ఇల్లు తెలిస్తే మనిషి తెలిసినట్టే. ఇదీ తెలుసు. మరి ఎందుకు ఉంచాను? మ్యాపు అందంగా ఉందని. అడవి అంచు వెంబడి ఎర్ర చుక్కలు బారులు తీరి కనిపిస్తుంటే మా పరిశోధన గైడు శెభాష్ అన్నాడు. ఆ ఒక్క మాటకు కరిగిపోయాను. అంత చవక మనిషిని నేను.

పురుగుమందుల షాపు నడిపే ఒకాయన కంట ఆ ఫైలు పడింది. మ్యాపును వేళ్లతో పెద్దది చేసి చూస్తే ఇళ్ల కప్పులు కనిపించాయి. అది ఆసాముల వాట్సాప్ గ్రూపులోకి ఎక్కింది. ఇవాళ రక్తం ఇచ్చినవాళ్లు రేపు కేసు పెడతారని పుకారు లేచింది. ఆ ఏడాది మిర్చి ఏరడానికి గూడేనికి ట్రాక్టరు రాలేదు. ఆసాములు వేరే చోటి నుంచి కూలీలను తెచ్చుకున్నారు. ఏడాదికి సరిపడా నాలుగు రాళ్లు చేతికొచ్చే రోజుల్లో గూడెం ఆడవాళ్లు ఇళ్లలో కూర్చున్నారు. కూర్చుని ఆలోచించారు. ఎవరెవరు రక్తం ఇచ్చారో పూర్తిగా తెలిసింది ఇద్దరికే. నేను ఖమ్మంలో ఉన్నాను. నాగమణి వాళ్ల కళ్లెదుట ఉంది.

ఆమె ఫోన్ చేసింది.

"మేడం, నేను ఎవ్వలకన్న చెప్పిన్నా? మీరే జెప్పండ్రి."

"లేదక్కా, నువ్వెందుకు చెప్తవు?"

"గదే మాట మీరొచ్చి వాళ్ల ముంగట చెప్పండ్రి. నా మాట ఇంటలేరు. ఆసాముల కాడ పైసలు తిని ఇండ్లు చూపిచ్చిందంటున్నరు."

"వస్తనక్కా. ఎట్ల తెలిసిందో కనుక్కొని వస్త."

"ఎట్ల తెలిసిందో మీకు తెల్వదా మేడం?"

"తెల్వదక్కా."

ఆ మాట అన్నప్పుడు ఫైలు నా ఎదురుగా తెరిచే ఉంది. ఏం జరిగిందో అప్పటికే నాకు అర్థమైపోయింది. అయినా నోరు ఎంత నున్నగా తిరిగిందో చూడండి, తడబడను కూడా లేదు.

వెళ్లలేదు. వెళ్లి ఒక్క ముక్క చెబితే సరిపోయేది. ఉద్యోగం పోతుందని భయపడ్డానా? పోయేది కాదు. మహా అయితే గైడు ముందు తల దించుకోవాలి, రెండు చివాట్లు తినాలి. ఆ మాత్రం కూడా నాకు ఎక్కువైంది. ఆ సాయంత్రమే లొకేషన్లు తీసేసి కొత్త ఫైలు పెట్టాను. కారణం రాయమన్న చోట చిన్న సవరణ అని రాశాను. ఎవరూ అడగలేదు. ఆ తర్వాత నాగమణి రెండు మూడుసార్లు ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు.

మరుసటి ఏడాది గూడేనికి ట్రాక్టరు మళ్లీ వచ్చింది. మిర్చికి ధర పలికితే ఆసాములకు కోపాలేం గుర్తుంటాయి? ఆడవాళ్లూ ఎక్కి వెళ్లారు. ఆసాములతో రాజీ కుదిరింది కానీ నాగమణితో కుదరలేదు. ఆమె వస్తే తలుపులు దగ్గరికి వేసుకునేవాళ్లట. గర్భిణులు ఆమెను వద్దని, ఒంటరిగా ఆటో మాట్లాడుకుని దవాఖానాకు పోయేవాళ్లట. కొన్నాళ్లు తిరిగి తిరిగి ఆమె ఆ పని మానేసింది. బోనకల్ దగ్గర చెల్లెలి ఊరికి వెళ్లిపోయి కూలి చేసుకుంటోందని గూడేనికి వచ్చే నర్సు చెప్పింది. నేను అయ్యో అన్నాను. అంతకు మించి ఏమీ అనలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి, కడుపులో ఉంచుకోలేను. రక్తంలో ఏం తేలిందో ఆ ఆడవాళ్లకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. వ్యాసం ఇంగ్లిషులో ఉంది. ఎవరి ఇంట్లో రక్తం తీశామో ఆసాములకు తెలిసింది. ఆ రక్తంలో ఏముందో మాత్రం అది ఇచ్చినవాళ్లకు తెలియదు. మేం చేసిన ఘనకార్యం మొత్తం ఇదీ.

ఇప్పుడు నేను ఏం చేస్తున్నానో తెలిస్తే నవ్వుతారు. డేటాను ఎలా భద్రపరచాలి, ఎలా పంచుకోవాలి అని కుర్ర పరిశోధకులకు పాఠాలు చెబుతున్నాను. లొకేషన్ల దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి, ఒక చోట ఎవరో ఇలా ఉంచేశారు, పాపం కూలీల పొట్ట కొట్టినట్టయింది అంటాను. వాళ్లు చ్చొచ్చొచ్చో అంటారు. నేనూ తల పంకిస్తాను. పాఠం అయ్యాక శాలువా కప్పుతారు, కప్పించుకుంటాను. సిగ్గనేది ఉంటే అక్కడే చచ్చిపోవాలి. చావలేదు, టీ తాగి ఇంటికొచ్చాను.

ఎందుకు రాస్తున్నాను? క్షమించమనా? క్షమించాల్సింది మీరు కాదు. ఆమె దగ్గరికి వెళ్లాను, కాళ్ల మీద పడ్డాను అని చెప్పాలని ఉంది. వెళ్లలేదు. వెళతానో లేదో తెలియదు. నా మీద నాకు అంత నమ్మకం లేదు.

ఇదంతా రాసి మొదటి నుంచి చదువుకున్నాను. నాగమణి పేరు ఉంది. ఆమె గూడెం ఎటు పక్కో ఉంది, ఇప్పుడు ఎక్కడుందో కూడా ఉంది. నా పేరు ఎక్కడా లేదు. మళ్లీ అదే పని చేశాను. ఆమె పేరు కొట్టేద్దామని కూర్చున్నాను. కానీ ఆమె మీద పడ్డ నింద పోవాలంటే ఆమె పేరు ఉండాలి, పక్కన నాదీ ఉండాలి. నాది రాయడానికి ఇంకా చెయ్యి రావడం లేదు. ఇంతవరకు మాత్రం వచ్చింది: నాగమణి ఎవరి ఇల్లూ చూపించలేదు, చూపించింది నేను. ఈ ముక్క రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది.