ఆరున్నొక్కరు

మా వైపు కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు ‘ఒకటి’ అనరు, ‘లాభం’ అంటారు. ‘ఏడు’ అని అసలే అనరు. ఏడవమన్నట్టు వినిపిస్తుందని భయం. ‘ఆరున్నొక్కటి’ అని దాటేసి ఎనిమిదికి పోతారు. మా ఊళ్ళో ధాన్యం కొలిచే తాతకీ, పక్కన నిలబడి లెక్క చెప్పే ఆయన భార్యకీ ఈ అలవాటు కళ్ళం దాటి ఇంట్లోకి కూడా వచ్చేసింది. కోడిగుడ్లు లెక్కపెట్టినా అంతే, చుట్టాల్ని లెక్కపెట్టినా అంతే. మేం కోడళ్ళం వెనకాల చేరి నవ్వుకునేవాళ్ళం.

ఆ తాతని చంపినవాళ్ళలో మా ఆయన ఒకడు.

అప్పుడు మా పిల్లాడికి నడక వస్తోంది. తాత మా వాకిట్లోంచి పోతూ వాడి బుగ్గ పట్టుకుని, “పనసతొనలా ఉన్నాడమ్మా” అన్నాడు. ఆ వారంలోనే వాడికి జ్వరం తగిలింది. రోజు విడిచి రోజు వచ్చేది. కడుపు ఉబ్బింది, కాళ్ళు పుల్లలైపోయాయి. కోరుకొండ నరసింహస్వామికి మొక్కుకున్నాం, తాయెత్తు కట్టించాం, ఎవరేం చెబితే అది అరగదీసి పట్టాం. జ్వరం మాత్రం పోలేదు. అప్పుడెవరో అది తాత చేసిన చిల్లంగి అన్నారు. మనిషిని చూపుతో, మంత్రంతో లోపల్నించి తినేసే విద్య అది. ఆ మాట ఒకసారి ఊళ్ళో పడ్డాక ఇక ఆగలేదు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. ఆ పొగ ఊదిందీ వాళ్ళే.

చిల్లంగికి విరుగుడు అందరికీ తెలుసు. చేసినవాడి ముందుపళ్ళు ఊడగొట్టాలి. పళ్ళు లేని నోట మంత్రం సరిగ్గా పలకదు, పలకని మంత్రం పారదు. ఒక మధ్యాహ్నం మా ఆయన ఇంకొందరితో కలిసి తాత ఇంటికి వెళ్ళాడు. తిరిగొచ్చి నూతి దగ్గర చేతులు కడుక్కుని అన్నం పెట్టమన్నాడు. పెట్టాను.

“పళ్ళకే కొట్టాం. ముసలాడే ఊపిరాడక పోయాడు” అన్నాడు, తప్పంతా తాతదే అన్నట్టు. అందరూ లోపలికి వెళ్ళాక, అరుపులకి ఎవరూ రాకుండా తడిక బిగించి తను ఆఖర్న వెళ్ళానని కూడా చెప్పాడు. చెబుతూనే మారన్నం అడిగాడు. వడ్డించి, గిన్నె అక్కడే వదిలి గుమ్మం దాకా జరిగాను. అంతకుముందు నేనెప్పుడూ ఆయనకి భయపడలేదు. పొద్దుగూకేలోగా మునసబుగారు జవాన్లతో వచ్చి అందరినీ పట్టుకుపోయారు.

విచారణ రాజమహేంద్రవరంలో జరిగింది. పిల్లాణ్ణి చంకనేసుకుని, మా అత్తగారితో కలిసి కాలవ పడవలో వెళ్ళాను. పడవలో అందరూ ఉరి మాటే ఎత్తారు. మనుషుల ఎదురుగానే వాళ్ళ మనిషి గురించి అంత తీరిగ్గా ఎలా మాట్లాడతారో నాకు తెలీదు. మా అత్తగారు నా తల తన ఒళ్ళో పెట్టుకుని చెవులు మూసేవారు. కన్నతల్లి కూడా అంత చెయ్యదు. నాకు రెండు భయాలు. ఆయన్ని ఉరి తీస్తారేమోనని ఒకటి, వదిలేస్తారేమోనని ఇంకొకటి. రెండోది ఆవిడకి కూడా చెప్పలేదు.

కచేరీలో దొర ఎత్తున కూర్చున్నాడు. ఆయనకి తెలుగు రాదు. పక్కన దుబాసీ ఉన్నాడు, మద్రాసు వైపు మనిషి. తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నాడని నోరు విప్పగానే తెలిసింది. ఆ పూట ఇంట్లోనే ఉండి అంతా చూసిన తాత భార్యని పిలిచి నిలబెట్టారు. ఆవిడ కొంగు నిండుగా కప్పుకుని, ఎవరినీ చూడకుండా నేలకేసి చూస్తూ నిలబడింది.

“మీ గృహమునకు ఎందరు వచ్చిరి?” అన్నాడు దుబాసీ.

“ఆరున్నొక్కరండి.”

దుబాసీ దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. దొర తలెత్తి ఏదో అడిగాడు. దుబాసీ ఆవిడ వైపు తిరిగాడు. “ఆరుగురు సరియే. ఆ వేరొక్కడు ఎవడు?”

ఆవిడకి అర్థం కాలేదు. “అందరికన్నా ఆఖర్న వచ్చినాయనా అండి? అదుగోనండి” అని మా ఆయన్ని చూపించింది.

అంతలో మా ప్లీడరు లేచాడు. ఆయన మా కోనసీమ మనిషే. ఆరున్నొక్కటి అంటే ఏమిటో తెలియకుండా పెరిగి ఉండడు.

“ఇతను వాళ్ళతోపాటు వచ్చాడా, తరవాత వచ్చాడా?”

“తరవాతేనండి. ఆ తడిక...”

“అడిగినదానికే చెప్పు. తరవాత కదా?”

“అవునండి.”

అంతే. కొట్టడానికి వచ్చినవాళ్ళు ఆరుగురు, తరవాత విడిగా వచ్చినవాడు ఒకడు అని దొర అనుకున్నాడు. ఆరుగురికీ ద్వీపాంతరవాసం శిక్ష వేశాడు. మా ఆయన్ని వదిలేశాడు. మా అత్తగారు కోరుకొండ వైపు తిరిగి దణ్ణం పెట్టారు. నిజానికి ఆ దణ్ణం దుబాసీకి పెట్టాల్సింది.

బయట వరండాలో ముసలావిడ నా చెయ్యి పట్టుకుంది. “అమ్మాయ్, నేను సరిగ్గానే చెప్పేను కదా? మరి ఈయన్నెందుకు వదిలేశారు?” అని అడిగింది. కోపంగా అడగలేదు. తెలియక అడిగింది. మా అత్తగారు నా రెక్క పట్టుకుని పడవ రేవుకి లాక్కుపోయారు.

ఇంటికొచ్చిన మర్నాడు మా ఆయన పీట మీద కూర్చున్నాడు. అత్తగారు వడ్డిస్తున్నారు. నేను పిల్లాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని గుమ్మం దగ్గర ఉన్నాను. వాడికి ఆ పూట మళ్ళీ జ్వరం వచ్చింది. వణుకుతున్నాడు.

ఆయన కలుపుతున్న ముద్ద ఆపి వాడినే చూశాడు.

“ముసలాడు పోయి ఇన్నాళ్ళయింది, వీడికి తగ్గలేదు” అన్నాడు. ఇంకాస్సేపు చూసి, “అయితే చేసింది వాడు కాదన్నమాట” అన్నాడు.

గొంతులో పశ్చాత్తాపం లేదు. లెక్క తప్పితే మళ్ళీ మొదట్నించీ కొలిచేవాడిలా నెమ్మదిగా అన్నాడు. “మరి బయటోళ్ళెవరూ వీణ్ణి ముట్టుకోలేదే” అన్నాడు. చూపు వాళ్ళమ్మ మీద ఆగింది, తరవాత నా మీద ఆగింది.

మా అత్తగారి చేతిలో గరిటె కదల్లేదు. ఆవిడ నావైపు చూశారు. పడవలో నా చెవులు మూసిన మనిషి. ఆ కళ్ళల్లో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. నా కళ్ళల్లో ఆవిడకీ అదే కనిపించి ఉంటుంది.

“నేనైతే వాణ్ణి ఎత్తుకోవడమే మానేశానురా అబ్బాయ్” అన్నారావిడ.

పిల్లాడు నా ఒళ్ళోనే ఉన్నాడు.