దలాత్‌లో పాలు పొంగిన ఇల్లు

2023 ఏప్రిల్. నల్లగొండ గడియారం సెంటర్ నుంచి కొంచెం లోపలికి, జిరాక్స్ షాపు పక్క షట్టర్‌లో నా ట్రావెల్స్ ఆఫీసు. విమానం టికెట్లు, పాస్‌పోర్టు దరఖాస్తులు, మక్కాకు పోయే ఉమ్రా గ్రూపులు, వీసాలు చూస్తాను. పన్నెండేళ్లుగా జనాన్ని దేశాలు దాటిస్తున్నాను గానీ నేను మాత్రం ఇంతవరకు విమానం మెట్టు ఎక్కలేదు. ఆ మాట చెప్తే గిరాకీ పోతుందని ఎవరికీ చెప్పను.

హోటళ్లతో పాటు ఇండ్లు కూడా బుక్ చేయడం ఆరేడేళ్ల కింద మొదలుపెట్టాను. మా పనిలో దీన్ని హోమ్ రెంటల్ అంటాం. వేరే దేశంలో ఎవరో తమ ఇంటి ఫొటోలు వెబ్‌సైట్లో పెడతారు, మనం నాలుగు రోజులకో వారానికో కిరాయికి తీసుకుంటాం. ఆ ఇంటివాళ్లను హోస్ట్ అంటారు. ఈ పనిలో ఒక మత్తు ఉంది. మధ్యాహ్నం ఎండకు సెంటరంతా సద్దుమణిగినప్పుడు నేను ఆ ఫొటోల్లోకి దిగిపోతాను. ఎవరిదో తెల్ల కర్టెన్ పక్కకు జరిపి కిటికీలోంచి బయటికి చూస్తాను. మెట్లు లెక్కపెడతాను. బాత్‌రూమ్ తలుపు ఎటు తెరుచుకుంటుంది, పొయ్యి గ్యాసుదా కరెంటుదా, పొద్దున ఎండ ఏ మంచం మీద పడుతుంది, అన్నీ చూస్తాను. తిరిగొచ్చేసరికి టీ చల్లారి మీగడ కట్టి ఉంటుంది. "సలీం భాయ్, నిద్ర పోయినవా?" అంటాడు జిరాక్సాయన. "లే భాయ్, ఇల్లు చూస్తున్న" అంటాను.

అలాంటి ఒక మధ్యాహ్నం ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. ముగ్గురూ అక్కచెల్లెళ్లు. పెద్దామె యాదమ్మ, మర్రిగూడలో అంగన్‌వాడీ టీచర్‌గా చేసి దిగిపోయింది. అక్కడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన చాలామందిలాగే ఆమె మోకాళ్లూ బిగుసుకుపోయాయి, కుర్చీలో కూచోవడానికి కూడా చేయి ఆనించాల్సి వచ్చింది. నడిపామె పద్మ, కొల్లాపూర్‌లో మగ్గం వర్కు జాకెట్లు కుడుతుంది. చిన్నామె సుగుణ, అచ్చంపేట దవాఖానలో నర్సు. ముగ్గురికీ పాస్‌పోర్టులు అప్పటికే చేతికొచ్చాయి. ఐదు రోజులు బయటి దేశంలో ఉండాలి, కానీ హోటల్ వద్దు, ఇల్లే కావాలన్నారు.

"మేడం, ముగ్గురు లేడీస్ అంటున్నరు. హోటలే సేఫ్. రూమ్ వాళ్లే సర్దుతరు, నాష్టా వాళ్లే పెడతరు" అన్నాను.

"మేడం ఏంది, అక్కా అను" అంది యాదమ్మ. "ఎవలో సర్దిపెడితె కూసునుడు మాకొద్దు తమ్మీ. మేమే ఊడ్సుకోవాలె, మేమే వండుకోవాలె. తాళంచెవి మా కొంగుకు ఉండాలె."

"ఇల్లే కావాల్నంటే దేశం దాటుడెందుకక్కా? అరకు పోండ్రి, ఊటీ పోండ్రి."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. పద్మ చెప్పింది: "గాడికి బస్సు పోతది గద. మనుమనికి జరమొచ్చిందనో, సుట్టాలొచ్చిన్రనో ఫోన్ జేస్తరు, మేము మల్ల బస్సెక్కుతం. బస్సెక్కి రారాని జాగ సూడు."

తర్వాత మెల్లగా సంగతి తెలిసింది. సుగుణ పెండ్లయి ఇరవై ఐదేళ్లు. ఆనాటి నుంచి ముగ్గురూ ఒక్క కప్పు కింద పడుకున్నది చావుకో పెండ్లికో తప్ప లేదు. ఒకరింటికి ఒకరు పోతే అక్కడ అత్త ఉంటుంది, మామ ఉంటాడు, మరిది ఉంటాడు. పోయినామె చుట్టం, ఉన్నామె కోడలు. నాయిన పోయాక, కొడుకులు లేని ఇల్లు కాబట్టి తల్లిగారిల్లు దాయాదులైన పాలోళ్ల చేతికి పోయింది. ఎవరి అత్తగారిల్లూ కాని ఒక ఇల్లు వాళ్లకు కావాలి. ఐదు రోజులు చాలు. అది విన్నాక హోటల్ మాట మళ్లీ ఎత్తలేదు.

మూడు రోజులు వెతికి, వియత్నాంలో దలాత్ అనే ఊళ్లో ఇల్లు పట్టాను. కొండల మీది ఊరు, ఏప్రిల్‌లో కూడా పొద్దున మంచు. దేవదారు చెట్ల మధ్య కర్రనేల ఇల్లు, రెండు గదులు, కిటికీ ఉన్న వంటగది. ఫొటో పెద్దది చేసి మెట్లు లెక్కపెడితే ఐదే. యాదమ్మక్కకు కావలసిన కుర్చీ టాయిలెట్ ఉంది. హోస్ట్ పేరు లాన్, పక్క వీధిలో ఉంటుంది. అది వాళ్లమ్మ ఉన్న ఇల్లట. అమ్మ పోయాక కిరాయికి ఇస్తోంది. నాకైతే ఆ ఇంట్లో నేనే ఉండి వచ్చినంత తృప్తి.

ఇక్కడే నా తప్పు జరిగింది. ప్రతి హోస్టూ హౌస్ రూల్స్ అని రాస్తారు. ఇంట్లో చేయదగినవి, చేయకూడనివి అన్నమాట. బుక్ చేసేటప్పుడు వాటిని చదివి ఒప్పుకున్నట్టు టిక్ పెట్టాలి. పొగ వద్దు, పెద్ద శబ్దం వద్దు, మా అమ్మ పొయ్యిని జాగ్రత్తగా వాడండి, ఇంట్లో వేటినీ మార్చకండి అని లాన్ రాసింది. "మంచిగ ఉంటె సాలంటుంది" అని అక్కలతో ఒక్క ముక్కలో తేల్చి టిక్ పెట్టేశాను. అక్కలకు చదివి వినిపించలేదు. అక్కడికి పోయి మీరేం చేస్తారని అడగలేదు.

వాళ్లు దిగిన మర్నాడు పది గంటలకు లాన్ నుంచి మెసేజ్ వచ్చింది. ఆమె తన భాషలో రాస్తే ఫోనే ఇంగ్లీషులోకి మార్చి చూపిస్తుంది. ముందు మూడు ఫొటోలు. నున్నటి అద్దంలా ఉండే కరెంటు పొయ్యి మీద మాడి అట్టకట్టిన పాలు. గడపకు పసుపు, కుంకుమ బొట్లు. తలుపు పైన దేవదారు కొమ్మలతో కట్టిన తోరణం. కింద నాలుగు మాటలు: "వీళ్లు ఐదు రోజులకు రాలేదు. నాతో అబద్ధం చెప్పారు. రేపు మధ్యాహ్నంలోపు ఇల్లు ఖాళీ చేయాలి."

పొయ్యి పాడైందంటే అర్థముంది, అబద్ధమేంది? ఏం అబద్ధమని అడుగుతూ రాశాను. ఆమె జవాబు మెల్లగా, ముక్కలు ముక్కలుగా వచ్చింది. వాళ్ల ఊళ్లో కొత్త ఇంట్లోకి కాపురానికి పోయేవాళ్లు ముందుగా పొయ్యి వెలిగించి నీళ్లు కాగబెడతారట. ఆ పని ఇంటివాళ్లే చేయాలట. ఆ ఇంట్లో వాళ్లమ్మ చేసింది, తన చిన్నప్పుడు. దుప్పట్లు ఇద్దామని పోయి చూస్తే, ఎవరో పరాయివాళ్లు అదే పని చేసి, గుమ్మానికి రంగు పూసి, కొమ్మలు కట్టి కూచున్నారు. "కాపురం పెట్టేవాళ్లు చేసే పని అది. మా అమ్మ స్థానంలో కూచోవడానికి వాళ్లెవరు?"

వెంటనే అక్కలకు వీడియో కాల్ చేశాను. తెర నిండా తెల్లటి మంచు, అందులోంచి మూడు ముఖాలు మెల్లగా తేలాయి. ముగ్గురూ స్వెట్టర్లు వేసుకుని అరుగు మీద కూచున్నారు. వాళ్ల ముఖాల్లో ఉన్న శాంతి చూసి నాకు చెప్పబుద్ధి కాలేదు. కానీ చెప్పాను.

"కొత్తింట్లకు పోతె పాలు పొంగియ్యరా తమ్మీ?" అంది యాదమ్మక్క.

"మా ఇండ్లల్ల ఖురాన్ సదివి ఫాతెహా ఇస్తరక్కా. పాల సంగతి నాకు అంత ఎరుక లేదు. కానీ అది మన ఇల్లు కాదు గద, కిరాయిది. గదీ ఐదు రోజులకు."

"ఎరుకనే" అందామె. "ఇను మరి. కొత్తింట్ల పాలు పొంగిచ్చేది ఇంటామె కాదు, ఆడబిడ్డ. ఇంటాయన అక్కనో చెల్లెనో వచ్చి పొంగియ్యాలె. నా ఇంట్ల నా ఆడబిడ్డ పొంగిచ్చింది. పద్మ ఇంట్ల, సుగుణ ఇంట్ల గట్లనే. మరి మేమెవలింట్ల పొంగియ్యాలె? తోడవుట్టినోని ఇంట్ల. మాకు తోడవుట్టినోడు లేడు. రా అక్కా, పాలు పొంగిద్దువు అని పిలిసే ఇల్లు లేదు. నాకు అరువై ఏండ్లొస్తున్నయ్. నా శేతుల మీద ఒక్కింట్ల పాలు పొంగలె."

పద్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. సుగుణ అటు తిరిగింది.

నా ఆలోచన నాది. వాళ్లు అక్కడ ఉండాలి, నాలుగు రోజులు ఎలాగైనా నిలబెట్టాలి. మా పనిలో దీనికి సులువైన దారి ఉంది. "అక్కా, ఫికర్ చేయకుండ్రి. పాలు పొయ్యి మీద పెట్టి మరిసిపోయిన్రు, పొంగి ఒలికినయ్ అని రాస్త. పసుపు గిట్ల మొక్కుకునేదని చెప్త. సాఫ్ చేసిస్తమంటే ఒప్పుకుంటది. ఇదివరకు గిసుంటివి శాన సూసిన" అన్నాను. టైపు చేయడం కూడా మొదలుపెట్టాను.

"ఒలికినయ్ అని రాయకు" అంది యాదమ్మక్క. గొంతు పెద్దది చేయలేదు గానీ నా వేళ్లు ఆగిపోయాయి. "పొంగిచ్చినం అని రాయి. ఎందుకో గది గుడ రాయి. ఇనంక ఆమె పొమ్మంటె పోతం. బాధేం లేదు. ఒక్కపారి పొంగినయ్ గద, వాటిని ఒలికినయ్ అంటె నా మనసొప్పదు."

అబద్ధాన్ని చెరిపేసి, ఉన్నదున్నట్టు రాశాను. నాకు వచ్చిన ఇంగ్లీషు ఎంత, ఆ ఫోను దాన్ని ఏ భాషలో ఏ తీరుగా మార్చిందో అల్లాకే తెలియాలి. ఆడబిడ్డ అనే మాటకు మాట దొరకలేదు. "అన్న ఇంటికి శుభం తెచ్చే చెల్లెలు, అన్న లేడు" అని రాశాను. వాళ్లు ఇల్లు ఆక్రమించలేదు, ఒక ఇంటికి మంచి జరగాలని కోరుకునే అవకాశం జీవితంలో మొదటిసారి తీసుకున్నారు, అడక్కుండా తీసుకోవడం తప్పే, రూల్స్ చదివి చెప్పకపోవడం నా తప్పు అని కూడా రాశాను. పంపాక ఆమె చదివినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు.

ఆ మధ్యాహ్నం నాకు కలలోలాగే గడిచింది. కూలర్ ముందు కూచున్నా చెమట ఆగలేదు. ఒక కస్టమర్ దుబాయ్ టికెట్ అడుగుతుంటే నేను దలాత్ వాతావరణం చెప్పాను. మళ్లీ మళ్లీ ఆ ఇంటి ఫొటోలు తెరిచాను. వంటగది కిటికీ, కర్రనేల, ఐదు మెట్లు. ఇదివరకు అందులో తిరిగినప్పుడు అది ఖాళీ ఇల్లు. ఇప్పుడు ఎక్కడ చూసినా లాన్ వాళ్లమ్మ నిలబడి ఉన్నట్టే అనిపించింది. ఎవరి ఇల్లయినా పూర్తిగా ఖాళీగా ఉండదని నాకు ఆ రోజే తెలిసింది.

నాలుగు దాటాక సుగుణ ఫోన్ చేసింది. గొంతు గుసగుసగా ఉంది. "అన్నా, ఆమె వచ్చింది. బట్టలు గిట్ల సర్దుకుంటున్నం అప్పుడు. పొయ్యి మేము తోముతమంటె శెయ్యి పెట్టనియ్యలె, ఆమెనే తోమింది. అరగంట తోమింది. పెద్దక్క పక్కకే నిలవడ్డది, మోకాళ్లు నొస్తున్నా కూసోలె. తోమినంక ఆమె నీళ్లు కాగవెట్టింది. నలుగురికి ఛాయ్ పోసింది. పాలు లేవు, శక్కర లేదు. తాగినం."

"తరువాత?"

"పోయింది. పోయేటప్పుడు పెద్దక్క మోకాలు మీద శెయ్యి వెట్టి పోయింది."

ఆ వెంటనే నాకు మెసేజ్ వచ్చింది. "అన్ని రోజులూ ఉండనివ్వండి. వెళ్లేటప్పుడు గడపకు పెట్టిన పసుపు తుడవొద్దని చెప్పండి." అంతే. నేను ఆఫీసులో కూచుని ఏడ్చాను. జిరాక్సాయన చూసి కంట్లో దుమ్ము పడిందా అని అడిగితే పడిందన్నాను.

మిగతా రోజులు ముగ్గురూ ఏం చేశారని తర్వాత అడిగాను. చూడదగ్గవి ఊరు నిండా ఉన్నాయి, వీళ్లు మాత్రం పొద్దెక్కాక లేచి, ఒకరి తల ఒకరు దువ్వుకుని, పప్పు వండుకుని, మంచు కొండ మీదికి ఎక్కుతుంటే అరుగు మీద కూచుని చూశారట. "ఎవలికీ ఏం పెట్టాలె, ఎవలు లేస్తరు అనే రంది లేదు తమ్మీ. గట్ల పండుకుని శాన ఏండ్లాయె" అంది పద్మక్క.

ఆ కేసు తర్వాత నా పని తీరు మారింది. ఇల్లు కావాలని వచ్చినవాళ్లను మంచాలెన్ని, బాత్‌రూములెన్ని అని తర్వాత అడుగుతాను. "దిగంగనే ఆ ఇంట్ల మీరు మొదాలు చేసే పనేంది?" అని ముందు అడుగుతాను. ఒకరు నమాజుకు దిక్కు చూసుకుంటామంటారు, ఒకరు పాత బట్టతో ఇల్లంతా తుడుస్తామంటారు. అదే హోస్ట్‌కు రాసి, సరేనన్నాకే బుక్ చేస్తాను. హోటల్లో దిగేవాళ్లకు నియమాలు చెప్తే చాలు. ఇంట్లో దిగేవాళ్లకు ఆ ఇంటి మనుషుల్ని చెప్పాలి, ఆ ఇంటివాళ్లకు వీళ్ల మనుషుల్ని చెప్పాలి. నా పన్నెండేళ్ల అనుభవం ఇది నేర్పలేదు, ముగ్గురు అక్కలు నేర్పారు.

పోయిన చలికాలం దేవరకొండ రోడ్డులో నేను చిన్న ఇల్లు కట్టుకున్నాను. నాకు అక్కచెల్లెళ్లు లేరు. పాలు పొంగియ్యడానికి అక్కలను పిలవనా అని అమ్మీని అడిగితే, "పొంగనీ, పాలేగా. ఇంటికి బర్కత్, శుభం ఎవరి చేతినుంచి వస్తే ఏం?" అంది. ఇలాంటి పిలుపు ఫోన్లో పిలిచేది కాదని, రెండు రోజులు బస్సుల్లో తిరిగి మర్రిగూడ, కొల్లాపూర్, అచ్చంపేట పోయి పిలిచి వచ్చాను. పొద్దున మౌల్వీ సాబ్ ఫాతెహా ఇచ్చి పోయాడు. పదింటికి ముగ్గురూ దిగారు. ముగ్గురివీ కొత్త చీరలు.

యాదమ్మక్కను పట్టుకుని మెట్లెక్కిస్తూ, "ఇంత దూరం పంపిన్రు, బావ ఏమనలేదా అక్కా? ఇంట్ల ఏమని చెప్పొచ్చినవ్?" అని అడిగాను.

ఆమె మెట్టు మీద ఆగి, గాలి పీల్చుకుంది.

"తల్లిగారింటికి పోతున్న అని చెప్పొచ్చిన" అంది.